సేంద్రియ బియ్యంతో మధుమేహం ముప్పు తగ్గుతుందా?

నాన్నగారికి మధుమేహం ఉన్నందున మీకూ వస్తుందేమోనన్న భయంతో రెట్టింపు ధర పెట్టి సేంద్రియ సోనామసూరి బియ్యం, సేంద్రియ బెల్లం కొంటున్నట్లు చెప్పి, అందువల్ల ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. మీ ఆశ పూర్తిగా నిరాధారమేమీ కాదు. ఫ్రాన్సులోని న్యూట్రినెట్-సాంటే అధ్యయనంలో 33,256 మందిని సగటున సుమారు 4 ఏళ్లు గమనించగా, సేంద్రియ ఆహారం అత్యధికంగా తినే ఐదోవంతు మందిలో, అతి తక్కువగా తినేవారితో పోలిస్తే, టైప్ 2 మధుమేహం ముప్పు 35 శాతం తక్కువగా కనిపించిందని 2020లో ప్రచురించారు. అయితే అది పరిశీలన మాత్రమే, సేంద్రియ ఆహారమే కారణమని నిరూపించదు, అందులో కొత్తగా బయటపడిన కేసులు 293. పైగా సేంద్రియ ఆహారం కొనేవారు సాధారణంగా పండ్లు, కూరగాయలు కూడా ఎక్కువగా తింటారు. ఇలాంటి తేడాలను గణాంకాలతో ఎంత సరిచేసినా పూర్తిగా తొలగించలేరు.

మీ విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. పురుగుమందు లేకుండా పండించినా, బాగా పాలిష్ పట్టిన బియ్యంలో ఉండేది అదే పిండిపదార్థం, అది రక్తంలో చక్కెరను పెంచే తీరూ దాదాపు అదే. ఇక బెల్లం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ అదనపు సొమ్మును పప్పులు, ఆకుకూరలపై పెట్టి, అన్నం తగ్గించి, భోజనం తరువాత కాసేపు నడవడం మేలని నా అభిప్రాయం. ఏడాదికోసారి హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల్లో రక్తంలోని సగటు చక్కెరను తెలిపే) పరీక్ష చేయించుకోండి, ఫలితం 5.7 నుండి 6.4 శాతం మధ్య ఉంటే దానిని మధుమేహానికి ముందు దశగా పరిగణిస్తారు కనుక, అప్పుడు వైద్యుని తప్పక సంప్రదించండి.