వాసన రాలేదంటే సేఫ్ అనుకోకండి: గ్యాస్ స్టవ్, గీజర్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్ నమస్తే. మా బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టించి కొన్ని నెలలైంది, బిగించినతను లీకులన్నీ చెక్ చేసే వెళ్ళాడు. చలికి కిటికీ మూసుకునే స్నానం చేస్తున్నాం. ఈమధ్య మా ఆవిడకి స్నానం చేసొచ్చిన ప్రతిసారీ తల పగిలిపోతోంది, వాంతి వచ్చేలా ఉందంటోంది, మొన్నైతే కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. హాల్లో కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. గ్యాస్ వాసన ఏరోజూ రాలేదు. బీపీ చూపిస్తే నార్మల్. గీజర్ మీద అనుమానపడాలంటారా?

జవాబు: ముందు లేచెళ్ళి ఆ గీజర్‌కి గ్యాస్ కట్టేసి రండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. మీరు రాసినవన్నీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కినప్పుడు కనపడే లక్షణాలే. లోపలుంటే తలనొప్పి, బయటికొస్తే తగ్గిపోవడం, ఇది కనపడిందంటే అనుమానం ఇంకోదాని మీదకి పోనివ్వకూడదు. ఇవాళే డాక్టర్ దగ్గరికెళ్ళి బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందన్న సంగతి మీరే చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. రక్తపరీక్షలో తెలుస్తుంది. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటర్‌ని మాత్రం నమ్ముకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేసి అంతా బాగుందని చూపించేస్తుంది.

వాసన ఎందుకు రాలేదంటే, వాసన కలిపేది కాలని గ్యాస్‌కి. మంటలో పడ్డాక ఆ వాసనా కాలిపోతుంది. గాలి చాలక అరకొరగా కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు కూడా మండవు. రక్తంలోకి వెళ్ళిందంటే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి మీ మెకానిక్ లీకులు చూశాడు, ఆ పని కరెక్టుగానే చేసుండొచ్చు, కానీ చూడాల్సిన రెండోది గాలి, అది చూడలేదు. సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ ఒక లీటరు పూర్తిగా మండాలంటే దాదాపు 24 లీటర్ల గాలి కావాలి. తలుపు కిటికీ మూసిన చిన్న బాత్రూమ్‌లో గీజర్ మీరు పీల్చే గాలినే తినేస్తూ కాలిన పొగంతా అక్కడే వదుల్తుంది, గాలి తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువ పుడుతుంది, అలా అది పెరుగుతూనే పోతుంది.

పొగగొట్టం లేని గీజర్ బాత్రూమ్ లోపల ఉండకూడదు, కిటికీ తీసుకుని వాడతాంలెండి అన్నా నేను ఒప్పుకోను, చలి ఎక్కువైన రోజు ఎవరో ఒకరు మూసేస్తారు. గీజర్‌ని బయట గాలి ఆడేచోట బిగించి, వేడినీళ్ళు మాత్రం పైపులో లోపలికి తెచ్చుకోండి, అదీ కిటికీ పక్కనే కాకుండా. లేదంటే బయటి గాలే పీల్చి పొగ బయటికే వదిలే సీల్డ్ రకం కొనాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. గాలి లోపలికొచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఒక్కటే లాగుతుంటే, ఓపెన్ పొగగొట్టం ఉన్న గీజర్లకి అది పొగని గొట్టంలోంచి వెనక్కి గదిలోకి లాగుతుంది. వంటింటి చిమ్నీ ఆన్ చేసినా ఇంతే. సర్వీసుకొచ్చినతన్ని ఫ్యాన్లన్నీ ఆన్ చేసి, కిటికీలు మూసి, గీజర్ వెలిగించి, పొగగొట్టం మొదట్లో తెరిచి ఉండే సందు దగ్గర కాస్త పొగ పెట్టి చూపించమనండి. పొగని గొట్టం లోపలికి పీల్చుకుంటే సరే, మీ మొహం మీదకి వస్తే ఆ గీజర్ వాడకండి.

ప్రశ్న: మేడమ్, ఇల్లు మారాం. పాత ఇంట్లో పైపు గ్యాస్, ఇక్కడ సిలిండర్. అదే స్టవ్‌కి ట్యూబ్ మార్చి తగిలించారు. ఇప్పుడు మంట పసుపుగా ఎత్తుగా లేస్తోంది, గిన్నెల అడుగులు మసి. బర్నర్‌లో దుమ్ము ఉందని పక్కింటావిడ జెట్‌ని సూదితో పొడవమంది.

జవాబు: ఆ సూది పక్కన పెట్టేయమ్మా. పైపులో వచ్చే సహజవాయువు కంటే సిలిండర్ గ్యాస్‌కి అదే కొలతలో దాదాపు రెండున్నర రెట్లు వేడి ఎక్కువ, ప్రెషర్ కూడా వేరు. అందుకే పైపు గ్యాస్ స్టవ్‌లో జెట్ రంధ్రం పెద్దదిగా ఉంటుంది, అందులోంచి సిలిండర్ గ్యాస్ వదిలితే కావలసినదానికంటే బోలెడు ఎక్కువొచ్చి దానికి సరిపడా గాలి అందక మంట పసుపు తిరుగుతుంది, మసి పడుతుంది. మసి కనపడిందంటే పైన గీజర్ జవాబులో చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడ తయారవుతుందన్నట్టే, అంచేత జెట్లు మార్చేదాకా ఆ స్టవ్ వెలిగించొద్దు.

జెట్ అంటే బర్నర్ కింద ఉండే చిన్న ఇత్తడి ముక్క. చేతిలోకి తీసుకుని చూస్తే చాలావాటి మీద 70 అనో ఇంకేదో నంబర్ కొట్టి ఉంటుంది, సాధారణంగా అది రంధ్రం సైజు, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన, అంటే 70 అంటే 0.70 మిల్లీమీటర్లు. అంత సన్నని రంధ్రాన్ని మెత్తటి ఇత్తడిలో వేస్తే మీరు ఉక్కు సూదితో కెలికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి, రంధ్రం పెద్దదై సమస్య ఇంకా పెరుగుతుంది. స్టవ్ తయారుచేసిన కంపెనీ మనిషినే పిలిచి, మీ మోడల్ సిలిండర్ గ్యాస్‌కి మార్చడానికి వీలవుతుందా అడిగి, వాళ్ళ జెట్లే వేయించండి, గాలి తగినంత కలిసేలా సెట్ చేసిపెట్టమనండి. కొన్ని మోడళ్ళు మారవు, అప్పుడు కొత్తది కొనడమే. బర్నర్ పైమూతలో సందులు మాత్రం మీరు బ్రష్‌తో కడుక్కోవచ్చు, బాగా ఆరాక పెట్టండి. నీలం మంటలో అప్పుడప్పుడు నారింజ రంగు మెరుపులొస్తే కంగారొద్దు, గాలిలో దుమ్మో ఉప్పో పడితే అలా వస్తుంది. మంట కొనలన్నీ ఎప్పుడూ పసుపుగా ఉంటేనే ఆలోచించాలి.

ప్రశ్న: సిలిండర్ మార్చాక అగ్గిపుల్ల చూపించి లీకేజీ చెక్ చేస్తాను. మా నాన్నగారు కూడా అలాగే చేసేవారు, ఏమీ కాలేదు. ఇప్పుడు మా అబ్బాయి తిడుతున్నాడు.

జవాబు: మీ అబ్బాయి కరెక్టండీ. గాలిలో ఎల్‌పీజీ 2 శాతం కలిసినా అంటుకుంటుంది, మీరు వెతికే లీక్ ఉన్నరోజే అగ్గిపుల్ల పనిచేస్తుంది మరి. సబ్బునీళ్ళు చాలు. స్టవ్ నాబ్‌లన్నీ మూసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, రెగ్యులేటర్ అంచుకీ, ట్యూబ్ రెండు చివర్లకీ, పైపులో జాయింట్లుంటే వాటికీ బ్రష్‌తో నురగ రాయండి. ఒక్కచోటే బుడగ ఉబ్బుతూ పెరుగుతూ ఉంటే అదే లీక్. తర్వాత తుడిచేయండి.

లీక్ దొరికినా, గది నిండా వాసనొచ్చినా రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీసి అందరూ బయటికి నడవండి, వాసన మరీ ఘాటుగా ఉంటే కట్టేయడం కోసం కూడా ఆగొద్దు. లైట్ స్విచ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, కాలింగ్ బెల్, ఏదీ ఆన్ చేయొద్దు, ఆఫ్ కూడా చేయొద్దు, ఆఫ్ చేసినా స్పార్క్ వస్తుంది. ఫోన్ కూడా బయటికొచ్చాకే. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది, కాబట్టి కిటికీ ఒక్కటీ తీస్తే చాలదు, కిందనుంచి పోవడానికి తలుపు తీయాలి. సెల్లార్‌లో సిలిండర్ పెట్టొద్దనేది కూడా ఇందుకే. సహజవాయువు తేలిక కాబట్టి పైకి చేరుతుంది.

ఇంకోమాట, ముక్కు మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. 1937లో అమెరికాలోని టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊరి స్కూల్లో వాసనలేని సహజవాయువు లీకై పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. వాసన కలిపి తీరాలన్న చట్టం అక్కడ ఆ తర్వాతే వచ్చింది. కానీ జలుబు ఉన్నా, ఆ వాసనలో కాసేపు ఉండిపోయినా ముక్కుకి అలవాటైపోయి తెలియదు.

ప్రశ్న: ట్యూబ్ బాగానే ఉంది, మార్చాలా?

జవాబు: పైకి బాగుండటం లెక్కలోకి రాదు. దానిమీద తేదీ ముద్రించి ఉంటుంది, దాటితే తీసేయండి. వేళ్ళతో వంచితే సన్నటి పగుళ్ళు కనపడినా, గట్టిపడినా తేదీ కూడా చూడక్కర్లేదు, మార్చేయండి. ముక్కలు అతికించి పొడవు చేయొద్దు, స్టవ్ వెనక వేడి తగిలేలా పోనివ్వొద్దు, గోడలోంచి దూర్చొద్దు.

ప్రశ్న: సార్, మా స్టవ్ నాబ్ నొక్కి పట్టుకుంటేనే మంట ఉంటోంది, వదిలితే ఆరిపోతోంది. మెకానిక్ ఆ సెన్సర్ తీసేసి డైరెక్ట్ చేసేస్తానన్నాడు.

జవాబు: వద్దని చెప్పండి. మంట పక్కన పెన్ను మొనలా నిలబడి ఉండేది థర్మోకపుల్, వేడికి అది కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టిస్తుంది, ఆ కాస్త కరెంటే లోపలి వాల్వ్‌ని తెరిచి ఉంచుతుంది. పొంగి మంట ఆరిపోతే అది చల్లబడి గ్యాస్ దానంతటదే కట్టయిపోతుంది. మామూలుగా వెలిగించాక కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాల్సిందే. అలా పట్టుకున్నాక కూడా నిలవకపోతే ముందు మొన మీద మసి, జిడ్డు మెత్తటి గుడ్డతో తుడిచి, మొన మంటలోనే ఉందా లేక పక్కకి వంగిందా చూడండి. అయినా కాకపోతే కొత్తది వేయించండి. డైరెక్ట్ చేస్తే మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది, అదీ మీరు వేరే గదిలో ఉన్నప్పుడు.

ప్రశ్న: ఒక గ్యాస్ అలారం కొన్నాం. స్టవ్ పైన సీలింగ్‌కి పెట్టాం. సిలిండర్ గ్యాస్. ఇక గీజర్‌కి కూడా అదే సరిపోతుందా?

జవాబు: రెండూ తేడాగా ఉన్నాయి. ఎల్‌పీజీ కిందకి దిగుతుంది కాబట్టి అలారం నేలకి దగ్గర్లో ఉండాలి, సీలింగ్ దగ్గర పెట్టేది సహజవాయువుకి. ఇక లీకైన గ్యాస్‌ని పట్టే అలారం కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదు, రెండూ కలిపి చూసేదని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప. దానికి వేరేది కొని, కంపెనీ కాగితంలో చెప్పిన ఎత్తులో, గీజర్‌కి మరీ ఆనుకుని కాకుండా పెట్టండి, పడకగది దగ్గర ఇంకోటి ఉంటే మంచిది, నిద్రలో ఎవరికీ తలనొప్పి తెలియదు కదా. టెస్ట్ బటన్ నొక్కితే మోగిందని ఊరుకోవద్దు, బటన్ చాలావాటిలో బజర్, బ్యాటరీ, సర్క్యూట్ వరకే చూస్తుంది, సెన్సర్ సంగతి చెప్పదు. సెన్సర్‌కి వయసుంటుంది, వెనకవైపు మార్చాల్సిన తేదీ వేసి ఉంటుంది, బిగించేముందే చూసి, బయటికి కనపడేలా మార్కర్‌తో ముందువైపు రాసిపెట్టుకోండి.