తుపాను కబురు రాకముందే

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మచిలీపట్నంలో ఇల్లు కుదిరిందని, మేడ మీదికి సముద్రపు గాలి చక్కగా వస్తోందని రాశావు. చాలా సంతోషం. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ గాలి ఎంతకు తెగిస్తుందో కోనసీమలో పుట్టిపెరిగిన నేను నీకు ముందే చెప్పాలి.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మన ఇంటి పెంకులు లేచిపోయాయి. తెల్లారి మంచం కింది ట్రంకుపెట్టె తెరిస్తే దస్తావేజుల మీది సిరా నీలంగా కారిపోయి ఉంది. పట్టాదారు పాసుపుస్తకం కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, విడదీయబోతే చిరిగాయి. నకళ్ల కోసం మీ తాతయ్య ఎన్ని నెలలు తిరిగారో నాకు తెలుసు. కాబట్టి ఇంటి కాగితాలు, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, కొంత నగదు పాలిథిన్ సంచిలో పెట్టి, దాన్ని మరో సంచిలో పెట్టి బిగించి కట్టు. వాటన్నిటికీ ఫొటోలు తీసి నాకు కూడా పంపు.

ఆ తరువాత చూసుకోవలసింది నీళ్లు. కరెంటు పోతే మోటారు ఆడదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో మేడల్లో ఉన్నవాళ్లు కూడా బిందెలు పట్టుకుని ట్యాంకర్ల కోసం నిలబడ్డారు. వాయుగుండం బలపడుతోందని వినగానే ట్యాంకు, బిందెలు నింపు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన కనీసం 3 రోజులకు సరిపడా మూతపెట్టి ఉంచుకో. అటుకులు, బెల్లం, టార్చిలైటు సంగతి నీకు తెలిసిందే గాని, మీ అత్తగారి బీపీ మాత్రలు మాత్రం 15 రోజులకు తక్కువ కాకుండా చూసుకో.

హోరుమంటున్న గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే, తుపాను తగ్గిందనుకుని ఎవరూ గడప దాటవద్దు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోతున్నప్పుడు అలాగే ఉంటుంది, కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. భయం గాలితోనే కాదు, 1977 నవంబరు 19న మీకు దగ్గరలోని దివిసీమలో వేలాదిమందిని పొట్టనబెట్టుకున్నది ఉప్పెన నీరు. ఖాళీ చేయమని అధికారులు చెబితే సామాను చూసుకుంటూ కూర్చోకుండా, మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ కట్టేసి, వెలుగుండగానే బయలుదేరండి.

ఇది అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఫొటోలు ఆదివారంలోగా పంపు, అందగానే ఫోను చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న