చెడిపోయిన ఫ్రిజ్‌ను తుక్కుకు ఇచ్చే ముందు

ప్రశ్న: మేము కొన్న ఫ్రిజ్ 20 నెలలకే చల్లబడటం మానేసింది. కంప్రెసర్ పోయిందని, వారంటీ ఏడాదే కాబట్టి ఖర్చు మేమే భరించాలని సర్వీస్ సెంటర్ వారు అంటున్నారు. పాత సామాను వ్యాపారికి ఇచ్చేద్దామనుకుంటున్నాం. చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: దయచేసి ఫ్రిజ్‌ను ఇప్పుడే ఇల్లు దాటించకండి. మీరు అడిగింది వదిలించుకోవడం గురించే అయినా, కంపెనీపై మీకున్న హక్కు తేలకముందే వస్తువు చేజారితే మీ ప్రధాన సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్షించనిదే లోపం తేలదని జిల్లా వినియోగదారుల కమిషన్ భావిస్తే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపిస్తుంది. విడిభాగాలుగా ఊడదీసిన ఫ్రిజ్‌కు ఆ పరీక్ష ఎలా జరుగుతుంది?

ముందుగా వారంటీ కార్డును చివరి వరకు చదవండి. ఫ్రిజ్ మొత్తానికి ఏడాది వారంటీ ఇచ్చినా, కంప్రెసర్‌కు విడిగా చాలా ఏళ్ల వారంటీ ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ వాక్యం మీ కార్డులో ఉంటే సర్వీస్ సెంటర్ మాట చెల్లదు. లేకపోయినా తయారీ లోపమని ఫిర్యాదు చేయవచ్చు గానీ, దానిని నిరూపించే భారం మీపైనే పడుతుంది కనుక, కంప్రెసర్ ఎందుకు పోయిందో సర్వీస్ సెంటర్ వారి చేత జాబ్ షీట్‌లో (మరమ్మతు వివరాలు రాసిచ్చే కాగితంలో) రాయించుకోండి. నోటిమాట నిలబడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా పరిష్కారం కాకపోతే, మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి.

హక్కు లేదని తేలితేనే వదిలించుకునే మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ఫ్రిజ్‌కూ వర్తిస్తాయి. పాత వస్తువుల రీసైక్లింగ్ బాధ్యతను అవి ఉత్పత్తిదారులపై ఉంచాయి, రీసైక్లింగ్ చేసేవారు నమోదై ఉండాలన్నాయి. అందువల్ల కంపెనీ సేకరణ కేంద్రానికో, నమోదైన రీసైక్లర్‌కో ఇచ్చి, మోడల్, సీరియల్ నంబర్లతో రసీదు తీసుకోండి. పాత సామాను వ్యాపారి సుత్తితో పగలగొడితే ఫ్రిజ్‌లోని గ్యాస్ గాలిలో కలుస్తుంది, కంప్రెసర్ ఆయిల్ నేలపాలవుతుంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఎక్స్‌చేంజ్ కింద పాతదాన్ని ఇచ్చేసినా సాక్ష్యం పోయినట్లే. ఫిర్యాదు నడుస్తుండగా ఆ ఆఫర్‌కు ఒప్పుకోకండి.