కందడం, కమలడం

సందేహం: మా చెల్లికి కాళ్ళ మీద ఎర్రటి గడ్డలు లేచాయి. ముట్టుకుంటే విలవిల్లాడుతోంది. డాక్టరు ‘ఎరిథీమా నోడోసమ్’ అని రాశారు. అమ్మ సెగ్గడ్డలంటోంది. ఒకచోట ‘కణుపుల ఎరుపు’ అనీ, ఇంకోచోట ‘మంటతో కూడిన కణితులు’ అనీ చదివాను. ఏది సరైన తెలుగు?

సమాధానం: ఏదీ నప్పదు. అయితే మీ అమ్మగారిది అచ్చమైన తెలుగు మాటే, జబ్బే వేరు. సెగ్గడ్డ అంటే చీముపట్టి, పండి, పగిలేది. మీ చెల్లికి వచ్చినవి చర్మం కిందున్న కొవ్వు పొర వాచి లేచిన గడ్డలు. వీటికి చీము పట్టదు, పుండు పడదు, మామూలుగా మచ్చ కూడా మిగలదు. సెగ్గడ్డ అనేశామా, ఎప్పుడు పగులుతుందా అని కూర్చుంటాం. నొక్కి చూసేవాళ్ళూ ఉంటారు.

‘కణితి’కి పాత అర్థం గడ్డే. కానీ ఇప్పుడు ఆ మాట వింటే క్యాన్సరే గుర్తొస్తుంది, లేనిపోని టెన్షన్. ‘మంట’ అంటే కాలినట్టుండే బాధ. ఇక్కడ జరిగేది వాపు, కందుదనం, తాకితే నొప్పి. ఇక ‘కణుపుల ఎరుపు’ నిఘంటువు పక్కన పెట్టుకుని కుట్టిన మాట. ఎరిథీమా అంటే గ్రీకులో ఎరుపు, నోడోసమ్ అంటే లాటిన్‌లో ముడులు ఉన్నది. కణుపు వెదురుకుంటుంది, వేలికుంటుంది. అది విన్నవాళ్ళు కీళ్ళ జబ్బనుకుంటారు. కీళ్ళనొప్పులు తోడు రావచ్చు గానీ, ఈ గడ్డలు కీళ్ళవి కావు.

ఎరుపు కోసం నామవాచకం వెతకడం దేనికి? మనకు ‘కందు’ అనే క్రియ ఉంది. ఎండకు ముఖం కందిపోయింది అంటాం. అందులో రంగుతోపాటు చర్మం పడ్డ బాధ కూడా వినిపిస్తుంది. ఈ గడ్డలు మొదట కందుతాయి. రోజులు గడిచేకొద్దీ ఊదా రంగుకు తిరిగి, తర్వాత పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు మారతాయి, అచ్చం దెబ్బ తగిలిన చోటులాగే. దాన్నే కమలడం అంటాం. కంది, కమిలి, చాలామందికి 3 నుంచి 6 వారాల్లో తగ్గిపోతాయి. ‘కందుగడ్డలు’ అని సమాసం చేద్దామనుకున్నాను గానీ, కందగడ్డలని చదువుతారని మానుకున్నాను. ‘కందిన గడ్డలు’ చాలు.

ఏ పేరు పెట్టినా అది రూపాన్నే చెబుతుంది, కారణం చెప్పదు. గొంతు ఇన్ఫెక్షన్, క్షయ, కొన్ని మందులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఒక్కోసారి ఏదీ తేలదు. అందుకని కాళ్ళ జబ్బుకు ఛాతీ ఎక్స్‌రే రాశారేమిటని కంగారు పడకండి.

మీ ఉత్తరంలో ‘కాళ్ళ మీద’ అన్నారు. మనకు తొడ మొదలు వేళ్ళ దాకా అంతా కాలే. ఇవి ఎక్కువగా మోకాలి కింద, ముందువైపు ఎముక మీద లేస్తాయి. వెనకవైపుకు పిక్క అనే పేరుంది, ముందువైపుకు వాడుకలో అంత స్థిరమైన మాట లేదు. సంస్కృతంలో జంఘ ఉంది గానీ, డాక్టరు ముందు ఆ మాటంటే ఆయనే తెల్లబోతారు. వేలితో చూపించండి.