ఒకే జాయిన్ క్వెరీ వేర్వేరు డేటాబేస్‌లలో ఒకే ఫలితం ఇవ్వాలంటే

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ నాలుగింటిలోనూ ఒకే జాయిన్ క్వెరీ (రెండు టేబుల్‌ల వరుసలను సరిపోలే విలువల ఆధారంగా కలిపి తెచ్చే క్వెరీ) మార్పు లేకుండా నడవాలంటే ఎలా రాయాలని మీరు అడిగారు. ఈ నాలుగింటి మీదా నడిచే అప్లికేషన్‌కు చాలాకాలం క్వెరీలు రాసిన అనుభవంతో చెబుతున్నాను: ఎర్రర్ చూపించే తేడాలను సులభంగానే సరిదిద్దుకోవచ్చు, ఎర్రర్ ఏదీ లేకుండా వేరే వరుసలు తెచ్చిపెట్టే తేడాల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

మొదటి రకం గురించి క్లుప్తంగా చెబుతాను. ఎస్‌క్యూఎల్-92 ప్రమాణంలోని ఇన్నర్ జాయిన్ (జత దొరికిన వరుసలే ఇచ్చేది), లెఫ్ట్ జాయిన్ (జత దొరకకపోయినా మొదటి టేబుల్ వరుసలన్నీ ఇచ్చేది) రెండింటినీ ఆన్ (ON) షరతుతో రాస్తే నాలుగూ అంగీకరిస్తాయి. టేబుల్ మారుపేరుకు ముందు యాజ్ (AS) రాయకండి, ఒరాకిల్ దానిని ఒప్పుకోదు. యూజింగ్, నేచురల్ జాయిన్‌లు (ఒకే పేరున్న కాలమ్‌ల మీద కలిపే రూపాలు) ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లేవు. ఫుల్ జాయిన్ (రెండు టేబుల్‌లలోనూ జత దొరకని వరుసలను కూడా ఇచ్చేది) మైఎస్‌క్యూఎల్‌లో లేదు కనుక, ఒక లెఫ్ట్ జాయిన్ రాసి, రెండో టేబుల్‌లో జత దొరకని వరుసలను నాట్ ఎగ్జిస్ట్స్‌తో ఏరి, రెండింటినీ యూనియన్ ఆల్‌తో కలపండి. ఉత్త యూనియన్ వాడితే, నిజంగానే రెండుసార్లు రావలసిన వరుసలు కూడా ఒకటిగా కుదించుకుపోతాయి.

ఇక రెండో రకం. రెండు టేబుల్‌లను కోడ్, ఈమెయిల్ వంటి అక్షరాల కాలమ్ మీద కలిపితే, మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్‌లో (అక్షరాలను పోల్చే నియమాలలో) పెద్దబడి (A), చిన్నబడి (a) ఇంగ్లీషు అక్షరాలు సమానమే, పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం కావు. కాబట్టి ఒకచోట కుదిరిన జత మరోచోట చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. చివరనున్న ఖాళీలను ఎస్‌క్యూఎల్ సర్వర్ పోలికలో లెక్కచేయదు, పోస్ట్‌గ్రెస్ వార్‌చార్ కాలమ్‌లో అవి లెక్కకు వస్తాయి. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా (విలువ లేనిదిగా, అది మరో నల్‌తో కూడా సమానం కాదు) భావిస్తుంది కనుక, మిగతా మూడింటిలో ఖాళీకి ఖాళీ జతపడే వరుసలు అక్కడ జతపడవు. ఆన్ షరతులో లోయర్ (అన్నిటినీ చిన్నబడిలోకి మార్చేది), ట్రిమ్ (ఖాళీలను తీసేసేది) చేర్చి అక్షరాల బడి, చివరి ఖాళీల తేడాలను సరిచేయవచ్చు గానీ, అప్పుడు ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ (వెతకడాన్ని వేగవంతం చేసే ఏర్పాటు) సాధారణంగా ఉపయోగపడదు. విలువలను నిల్వచేసే సమయంలోనే ఒకే రూపంలోకి తెచ్చి, వీలైనచోటల్లా పూర్ణాంక కీల మీద జాయిన్ చేయడమే నా దృష్టిలో సరైన పద్ధతి. ఆ కీలు రెండువైపులా ఒకే టైప్‌లో ఉండాలి. అంకెను, అక్షరాల కాలమ్‌ను పోల్చితే మైఎస్‌క్యూఎల్ తనంతట తాను మార్చుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ నిరాకరిస్తుంది.

జాయిన్‌తో అప్‌డేట్ చేసే వాక్యనిర్మాణం మాత్రం ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, దాని బదులు సెట్ (SET) భాగంలో సబ్‌క్వెరీ (లోపలి క్వెరీ) రాసి, వేర్ (WHERE) భాగంలో ఎగ్జిస్ట్స్ షరతు తప్పక పెట్టండి. ఆ షరతు లేకపోతే జత దొరకని వరుసలలో ఆ కాలమ్ నల్ అయిపోతుంది. పరీక్షించేటప్పుడు అక్షరాల బడి తేడా, చివరి ఖాళీ, ఖాళీ స్ట్రింగ్, నల్ ఉన్న వరుసలను నాలుగింటిలోనూ ఎక్కించి, వచ్చిన వరుసల సంఖ్యతో పాటు విలువలను కూడా పోల్చి చూడండి.