టెక్ సందేహాలు: ఏ బటన్ నొక్కినా మొదలు కాని పాత ఆట

ప్రశ్న: మేము అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాము. ఒక గ్యారేజ్ సేల్‌లో చెక్క పట్టీ ఉన్న అటారీ 2600 కన్సోల్, దానితో పాటు ‘అడ్వెంచర్’ క్యాసెట్ కొన్నాను. టీవీలో బొమ్మ వచ్చింది గానీ ‘1’ అనే అంకె తప్ప ఏమీ కనిపించలేదు. ఎలాగో ఆట మొదలయ్యాక, పన్నెండేళ్ల మా అబ్బాయి, వాడి మేనమామ కూతురు కాసేపు ఆడి, ఏం చేయాలో తెలియడం లేదని, అసలు హీరోయే లేడని లేచిపోయారు. కన్సోల్ పాడైందంటారా?

జవాబు: పాడు కాలేదండీ. 1977లో అమ్మకానికి వచ్చిన ఈ పెట్టెకు మెనూ తెర మీద ఉండదు, పెట్టె మీదే ఉంటుంది. పైన కనిపించే మీటల్లో ‘గేమ్ సెలెక్ట్’ నొక్కితే ఆట రకం మారుతుంది, ‘గేమ్ రీసెట్’ నొక్కితే ఆట మొదలవుతుంది. మీరు చూసిన ‘1’ ఆట రకాన్ని సూచించే అంకె. అడ్వెంచర్‌లో అటువంటివి 3 ఉన్నాయి. ఇప్పటి పిల్లలు స్టార్ట్ బటన్ కోసం చేతిలోని జాయ్‌స్టిక్‌ను తిప్పి తిప్పి చూస్తారు. దానికి ఉన్నది ఒక్కటే ఎర్ర బటన్, అదీ ఈ ఆటలో మోస్తున్న వస్తువును కింద పెట్టడానికి మాత్రమే. వస్తువును తీసుకోవడానికి బటన్ అక్కర్లేదు, వెళ్లి తాకితే చాలు.

అసలు లోటు మీకు క్యాసెట్‌తో పాటు మాన్యువల్ రాకపోవడం. ఇప్పటి ఆటలు మొదటి పావుగంటలో వేలు పట్టుకుని నడిపిస్తాయి కనుక మాన్యువల్ చదవడం అనే అలవాటే పోయింది. 4 కిలోబైట్ల క్యాసెట్‌లో ఆటకే చోటు చాలని రోజుల్లో కథ, నియమాలు, ఎవరు శత్రువు, ఏది ఆయుధం అన్నవన్నీ పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలోకి వెళ్లాయి. అంటే మీ పిల్లల ముందు పెట్టింది సగం ఆటే. అటారీఏజ్ వంటి వెబ్‌సైట్లలో ఆ పుస్తకాల స్కాన్లు దొరుకుతాయి. ఫోన్‌లో చూపించకుండా కాగితం మీద ప్రింట్ తీసి చేతికివ్వండి, ఆడుతూ పక్కన పెట్టుకుని చూసుకుంటారు.

ఈలోగా అవసరమైనంత వరకు నేను చెబుతాను. హీరో ఉన్నాడు, ఆ చిన్న చతురస్రమే అతడు. మంత్రించిన గిన్నెను వెతికి పసుపు కోటకు చేర్చడం అతని పని. బాణంలా కనిపించేది నిజానికి కత్తి. బాతుల్లా ఉన్నవి డ్రాగన్లు. కోటలు 3, ఒక్కోదానికి దాని రంగు తాళంచెవి ఉంటుంది, ఒకసారి ఒక్క వస్తువునే మోయగలరు. డ్రాగన్ మింగేస్తే దాని కడుపులో ఇరుక్కుని ఉండిపోతారు. పిల్లలు ఇక్కడే టీవీ కట్టేస్తారు గానీ, రీసెట్ నొక్కితే పసుపు కోట ముందు మళ్లీ బతికివస్తారు, సంపాదించిన వస్తువులు ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే చంపిన డ్రాగన్లు కూడా లేచి వస్తాయి. ‘డిఫికల్టీ’ అని రాసి ఉన్న రెండు మీటలనూ ‘బి’ వైపు ఉంచండి. ఎడమది ‘ఎ’ వైపు ఉంటే డ్రాగన్ తడుముకోకుండా వెంటనే కరుస్తుంది, కుడిది ‘ఎ’ వైపు ఉంటే కత్తిని చూసి పారిపోతుంది.

హీరో ఎందుకు చతురస్రం అయ్యాడన్నది పిల్లలకు చెప్పదగిన విషయం, నాకైతే ఆట కంటే ఇదే ఎక్కువ ఇష్టం. ఈ కన్సోల్‌లోని ర్యామ్ మొత్తం 128 బైట్లు. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి, అంటే గుణింతాలు, ఒత్తులు కలిపి 42 గుర్తులు దాటితే ఆ ర్యామ్ నిండిపోతుంది. తెర మీది బొమ్మను ముందుగా తయారు చేసి దాచుకోవడానికి అందులో చోటెక్కడిది? అందుకని టీవీ కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీత గీస్తూ వస్తుంటే, దానితో పరుగులు పెడుతూ ఆ గీతలో ఏ రంగు ఎక్కడ పడాలో ప్రోగ్రామ్ అప్పటికప్పుడు చెబుతూ ఉండాలి. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు చిక్కే వ్యవధి 76 సైకిళ్లు, అంటే ప్రాసెసర్ వేసే 76 చిన్న అడుగులు. బొమ్మను గీసే టియా చిప్‌కు తెలిసిన కదిలే ఆకారాలు ఐదే: ఆటగాళ్ల బొమ్మలు రెండు, తూటాలు రెండు, బంతి ఒకటి. అడ్వెంచర్ రాసిన వారెన్ రాబినెట్ బొమ్మలు రెండింటినీ డ్రాగన్లకు, తాళంచెవులకు కేటాయించి, హీరోకు బంతిని ఇచ్చారు. బంతికి సొంత రంగు ఉండదు, గోడల రంగే వస్తుంది. కాబట్టి గది మారినప్పుడల్లా మీ హీరో రంగు మారడం టీవీ లోపం కాదు. ఒకే గదిలో మూడు వస్తువులు చేరితే అవి మిణుకు మిణుకుమనడమూ లోపం కాదు, ఉన్న రెండు బొమ్మలనే ఆ మూడూ వంతులవారీగా వాడుకుంటున్నాయి.

మీ అబ్బాయిని మళ్లీ కూర్చోబెట్టాలంటే ఇంకొక్క మాట చెప్పి చూడండి. నల్లకోటలోని చిక్కుదారిలో కంటికి ఆనని ఒక చుక్క ఉంది; దాన్ని మోసుకెళ్తే దారి లేని చోట దారి ఏర్పడి, ఒక రహస్య గదిలో రాబినెట్ పేరు కనిపిస్తుంది. ప్రోగ్రామర్ల పేర్లను అటారీ బయటపెట్టని రోజుల్లో ఆయన ఎవరికీ చెప్పకుండా తన పేరును అలా దాచుకున్నారు. 1980లో ఆట విడుదలయ్యాక సాల్ట్ లేక్ సిటీకి చెందిన ఒక కుర్రాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా అక్కడి పెద్దలకు ఆ సంగతి తెలియదు. ఇప్పటి ఆటల్లో ‘ఈస్టర్ ఎగ్’ల కోసం, అంటే తయారీదారులు దాచిన రహస్యాల కోసం వెతికే పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. అటక మీద నుంచి నా చిన్ననాటి క్యాసెట్ వీడియో గేమ్ దించి ఎల్‌ఈడీ టీవీకి కలిపాను. మారియో బాగానే వస్తోంది గానీ బాతులను కాల్చే ఆటలో గన్ పని చేయడం లేదు. ఎంత గురిపెట్టినా తగలడం లేదని మా అమ్మాయి నవ్వుతోంది. గన్ బాగు చేయించవచ్చా?

జవాబు: గన్ బాగానే ఉండి ఉంటుంది, మార్చవలసింది టీవీని. మన ఊళ్లలో పెళ్లికానుకగానూ, పుట్టినరోజు కానుకగానూ తిరిగిన ఆ పెట్టెల్లో చాలావరకు జపాన్‌లో నింటెండో 1983లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లే. 9999 ఆటలని అట్ట మీద వేసి, ఉన్న కొన్నింటినే పేర్లు మార్చి చూపించిన క్యాసెట్లు కూడా వాటితో పాటు వచ్చినవే. బాతుల ఆట ‘డక్ హంట్’. ఆ గన్ తెర మీదికి ఏమీ పంపదు, తెర నుంచి వచ్చే వెలుగును చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక్క క్షణం తెర మొత్తం నల్లబడి, ఆ వెంటనే బాతు ఉన్న చోట తెల్లని గడి వెలుగుతుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి. నలుపు తర్వాత సరైన సమయంలో గన్ మొనకు వెలుగు తగిలితే తగిలినట్టు లెక్క. ముందు నలుపు చూపించడం, గన్‌ను ట్యూబ్‌లైట్ వైపు తిప్పి గెలుద్దామనుకునే గడుగ్గాయిల కోసం.

డబ్బా టీవీ సిగ్నల్ అందిన క్షణంలోనే గీత గీసేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను పట్టి, పెంచి, శుభ్రం చేసి ఆలస్యంగా చూపిస్తుంది కనుక తెల్ల గడి వెలిగేసరికి ఆట చూడడం ఆపేసి ఉంటుంది. పైగా ఆ గన్‌లోని సర్క్యూట్ పాత పిక్చర్ ట్యూబ్ వెలుగు అదిరే వేగానికే స్పందించేలా తయారైంది. హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొన్నా లాభం లేదు. ఎవరింట్లోనైనా పనిచేసే డబ్బా టీవీ ఉంటే అడిగి తెచ్చుకోండి, పని చేయనిదైతే మాత్రం సొంతంగా విప్పకండి, ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. మిగతా ఆటలకు ఎల్‌ఈడీ టీవీ సెట్టింగ్స్‌లో ‘గేమ్ మోడ్’ పెట్టండి. మారియో గంతు ఆలస్యంగా పడుతోందని అమ్మాయి అంటే కారణం టీవీ చేసే ఆ ఆలస్యమే. పాత అడాప్టర్ పోయి కొత్తది కొంటే ప్లస్, మైనస్‌లు పెట్టె మీద ఉన్న గుర్తుతో సరిచూసుకున్నాకే పెట్టండి.

ప్రశ్న: మా పిల్లలిద్దరూ కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌లా పనిచేసే ప్రోగ్రామ్) మీద పాత ఆటలు ఆడుతూ ప్రతి గంతుకూ ‘రివైండ్’ నొక్కుతున్నారు. ఇది ఆడడమేనా? ఆ ఆటల కాపీలు నెట్‌లో దింపుకోవడం తప్పా? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: ‘కాంట్రా’లో 30 ప్రాణాలిచ్చే రహస్య బటన్ల వరసను, ‘సూపర్ మారియో బ్రదర్స్’లో అన్ని ప్రాణాలూ పోయాక ‘ఎ’ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఓడిన వరల్డ్ మొదటి నుంచి సాగనిచ్చే ఏర్పాటును తయారీదారులే పెట్టారు. కాబట్టి సాయం తీసుకోవడం తప్పు కాదు. అయితే ప్రతి గంతుకూ వెనక్కి తిప్పితే, ఆ ఆటలు నేర్పే ఒకే ఒక్క విద్య, అంటే శత్రువు రాకపోకల లయను గుర్తుపట్టడం, పిల్లలకు అబ్బదు. లెవెల్ మొదట్లో ఒకసారి సేవ్ చేసుకోనివ్వండి, మధ్యలో వద్దనండి. ‘పిట్‌ఫాల్’ వంటి 20 నిమిషాల గడువున్న ఆటకు అది కూడా అక్కర్లేదు.

రెండో ప్రశ్నకు: పాతవైనంత మాత్రాన వాటి కాపీరైట్ తీరిపోలేదు, ఊరికే దింపుకోవడం చట్టబద్ధం కాదు. అటారీ 2600 ఆటలను ఆడించే స్టెల్లా వంటి ఎమ్యులేటర్ ఉచితం, వాడడం తప్పు కాదు. అటారీ 2600 కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసి ఉచితంగా ఇచ్చే ఔత్సాహికులున్నారు, వాటిని అందులో నిశ్చింతగా ఆడుకోవచ్చు. స్టెల్లాలో సెలెక్ట్‌కు ఎఫ్1, రీసెట్‌కు ఎఫ్2 నొక్కాలి. డబ్బు పెట్టగలిగితే 2022లో వచ్చిన ‘అటారీ 50’ సంకలనం స్టీమ్‌లో దొరుకుతుంది, పాత ఆటలతో పాటు వాటిని చేసినవారి ఇంటర్వ్యూలు కూడా అందులో ఉన్నాయి.