ఫైబర్‌నెట్‌ను ప్రైవేటుకు ఇస్తే మా గతేంటి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. కేబుల్ ఆపరేటర్‌ని. మా చుట్టుపక్కల ఇళ్లకు ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు నేనే ఇస్తుంటాను. ఎప్పటికైనా ప్రభుత్వం ఈ నెట్‌వర్క్‌ను ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తుందేమోనని తోటి ఆపరేటర్లు టెన్షన్ పడుతున్నారు. ప్రజల డబ్బుతో వేసిన లైన్లను అలా అమ్మే హక్కు ప్రభుత్వానికి ఉందా? కోర్టుకు వెళ్లి ఆపొచ్చా? మా అగ్రిమెంట్ల సంగతేంటి?

జవాబు: మొదటి ప్రశ్నకు మీకు నచ్చని జవాబే చెప్పాలి. అమ్మే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2001లో కేంద్రం ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కోలో 51 శాతం వాటాను స్టెరిలైట్ కంపెనీకి 551.5 కోట్ల రూపాయలకు అమ్మినప్పుడు ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులోనే తీర్పు వచ్చింది. వాటాలు అమ్మాలా వద్దా అన్నది ఆర్థిక విధానానికి సంబంధించిన నిర్ణయమని, అది చట్టానికో రాజ్యాంగానికో విరుద్ధమైతే తప్ప కోర్టులు జోక్యం చేసుకోవని చెప్పింది. అమ్మే ముందు మమ్మల్ని అడిగి తీరాలనే హక్కు ఉద్యోగులకే లేదని తేల్చింది. ఉద్యోగులకే లేనిది, కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్లకు ఉందని వాదించడం కష్టం.

హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ అమ్మకాన్ని 2003లో సుప్రీంకోర్టు ఆపింది కదా అని మీకెవరైనా చెప్పొచ్చు. నిజమే, ఆపింది. ఆ కంపెనీలు పార్లమెంటు చేసిన చట్టాల ద్వారా ప్రభుత్వం చేతికి వచ్చాయి కాబట్టి, చట్టం మార్చకుండా అమ్మడానికి వీల్లేదంది. ఫైబర్‌నెట్ అలా పుట్టలేదు. అసెంబ్లీ చట్టం ఏదీ లేకుండా 2015లో కంపెనీల చట్టం కింద రిజిస్టరైన ప్రభుత్వ కంపెనీ అది. అందుకే ఆ తీర్పు మీకు ఆసరా కాదు. అయితే ఒక చిక్కుముడి ఉంది. పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే కేంద్ర పథకం భారత్‌నెట్ రెండో దశ పనులు మన రాష్ట్రంలో ఈ కంపెనీ ద్వారానే జరిగాయి. కేంద్రం డబ్బుతో వేసిన ఫైబర్‌ను వేరేవాళ్లకు ఇవ్వాలంటే కేంద్రంతో చేసుకున్న ఒప్పందం ఏమంటోందో ముందు చూడాలి.

అమ్మాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. ఎలా అమ్మాలన్నది మాత్రం దాని ఇష్టం కాదు. కోర్టు తలుపు తెరుచుకునేది ఇక్కడే. ప్రభుత్వం తన ఆస్తిని, కాంట్రాక్టును ఇష్టమొచ్చినవాళ్లకు పంచిపెట్టకూడదని, టెండరులో తాను పెట్టిన షరతులకు తానే కట్టుబడాలని 1979లో రమణ దయారాం శెట్టి కేసు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ప్రకటన లేకుండా ఒక ట్రస్టుకు చేసిన భూకేటాయింపును మధ్యప్రదేశ్ కేసులో 2011లో రద్దు చేసింది. వేలం ఒక్కటే మార్గం కాదని 2012లో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ చెప్పింది కానీ, ఏ పద్ధతైనా పక్షపాతం లేకుండా ఉండాలన్న షరతును వదల్లేదు. కాబట్టి టెండరే పిలవకపోయినా, ఒకే కంపెనీకి కుదిరేలా అర్హతలు రాసినా, ఆస్తుల విలువ కట్టకుండా ఇచ్చేసినా అందరినీ సమానంగా చూడాలనే రాజ్యాంగం 14వ అధికరణ కింద హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను నేరుగా సవాలు చేసే పిటిషన్, నిలబడుతుంది.

విలువ కట్టడమంటే తీగ ఖరీదు ఒక్కటే కాదు. మీ వీధిలో చూడండి, ఈ ఫైబర్ ఎక్కువగా భూమిలో లేదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతోంది. ఇంత తక్కువ ఖర్చులో ఊరూరికీ నెట్ చేరింది అందుకే. ఇంకో కంపెనీ కొత్తగా ఇలాంటి నెట్‌వర్క్ వేయాలంటే స్తంభం స్తంభానికీ అనుమతులు తెచ్చుకోవాలి, ఛార్జీలు కట్టాలి. అసలు ఆస్తి ఆ స్తంభాల మీది దారి. అమ్మకం పత్రంలో డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) స్తంభాల వాడకానికి అద్దె ఎంత, ఎన్నేళ్లకు, లైను తెగిపడితే బాధ్యత ఎవరిది అన్నవి లేకపోతే ప్రజల ఆస్తిని ఊరికే ఇచ్చినట్టే. రిట్ వేసే పరిస్థితి వస్తే నేను మొదట పట్టుకునేది ఈ అంశాన్నే.

ఇక చాలామంది గమనించనిది చెబుతాను. నెట్‌వర్క్ ప్రైవేటు చేతికి వెళ్లిన రోజు మీ చేతిలోని రెండు ఆయుధాలు పోతాయి. ప్రభుత్వ కంపెనీ రాజ్యాంగం 12వ అధికరణ కింద ప్రభుత్వంతో సమానం. అన్యాయం చేస్తే నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చు. 2022లో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లాక, అంతకుముందే ఉద్యోగులు వేసిన రిట్లు కూడా చెల్లవని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేసు వేసేనాటికి అది ప్రభుత్వ సంస్థే కదా అన్న వాదన నిలవలేదు. రెండోది సమాచార హక్కు. ప్రైవేటు కంపెనీకి దరఖాస్తు పెడితే జవాబివ్వాల్సిన పని దానికి లేదు.

ధర సంగతీ అంతే. 2017 డిసెంబరులో ఫోను, టీవీ, ఇంటర్నెట్ మూడూ కలిపి పన్నులు కాక 149 రూపాయలకు ఇది మొదలైంది. అది ప్రభుత్వం పెట్టిన ధర. బ్రాడ్‌బ్యాండ్ రేట్లను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించదు, కంపెనీలకే వదిలేసింది. కొత్త యజమాని రేటు పెంచితే, ఒప్పందంలో పరిమితి రాసి ఉంటే తప్ప అడ్డుకునేవారు ఉండరు. సర్వీసు సరిగా లేకపోతే మీ చందాదారులు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఆ దారి మూసుకుపోదు. మీకూ కంపెనీకీ మధ్య తగాదాలు మాత్రం చాలావరకు ఢిల్లీలోని టెలికాం తగాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ పరిధిలోకి వస్తాయి. పల్లెటూరి ఆపరేటర్‌కు అది ఎంత దూరమో నాకు తెలుసు.

మీ అగ్రిమెంటు ఏమవుతుందన్నది అమ్మకం ఏ రూపంలో జరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాటాలు అమ్మితే కంపెనీ అదే, యజమాని మాత్రమే మారతాడు. మీ అగ్రిమెంటు యథాతథంగా నడుస్తుంది. నెట్‌వర్క్‌ను ఆస్తిగా విడదీసి అమ్మితే కథ వేరు. కాంట్రాక్టు వల్ల వచ్చే హక్కులను సాధారణంగా బదిలీ చేయొచ్చు కానీ, బాధ్యతలను అవతలి పక్షం ఒప్పుకోకుండా ఇంకొకరి మీదకు నెట్టేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి మీ సంతకంతో కొత్త ఒప్పందం అడుగుతారు. కమీషన్ తగ్గించే కాగితం వచ్చేది అప్పుడే. తొందరపడి సంతకం పెట్టకండి. ఇప్పుడే అగ్రిమెంటు తీసి బదలాయింపు, రద్దు నోటీసు క్లాజులు చదవండి. ‘కంపెనీ తన హక్కులను, బాధ్యతలను ఎవరికైనా బదిలీ చేయవచ్చు, ఆపరేటర్ ఇందుకు అంగీకరిస్తున్నాడు’ అనే వాక్యం ఉంటే ఆ సమ్మతి మీరు ముందే ఇచ్చినట్టు. ఇళ్లలోని బాక్సులు ఎవరివి, డిపాజిట్ ఎవరి దగ్గరుంది అన్నది కూడా రాసిపెట్టుకోండి.

మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవో అనే ఊరు 3.9 కోట్ల డాలర్ల బాండ్ల అప్పుతో సొంత ఫైబర్ వేసుకుంది. 2008లో 4.06 కోట్ల డాలర్లకు అమ్మితే కొన్నవాళ్లు డబ్బు కట్టలేక నెట్‌వర్క్ తిరిగి ఊరి నెత్తిన పడింది. చివరికి 2013లో గూగుల్‌కు ఒక్క డాలరుకు ఇచ్చేశారు. బాండ్ల అప్పు మాత్రం జనమే మున్సిపల్ బిల్లులో నెలకు 5.35 డాలర్ల చొప్పున కట్టుకుంటూ వచ్చారు. నడపడం చేతకాకపోతే నిర్వహణను గడువు పెట్టి టెండరులో ఇవ్వొచ్చు. ఫైబర్, స్తంభాల మీది దారి మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. అవి ఒకసారి పోతే తిరిగి రావు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ఫైబర్‌నెట్ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. విక్రయం లేదా నిర్వహణ బదిలీపై ఏదైనా ప్రతిపాదన, ఆస్తుల విలువ నివేదిక, డిస్కంలతో స్తంభాల ఒప్పందం, భారత్‌నెట్ ఒప్పందం కాపీలు అడగండి. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు ఆ వివరాలు అడక్కుండానే బయటపెట్టాలని 4వ సెక్షన్ చెబుతోంది, అదీ రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వాణిజ్య రహస్యమని అదే చట్టంలోని 8(1)(డి) సెక్షన్ చూపిస్తే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే క్లాజు చెబుతుందని గుర్తుచేస్తూ మొదటి అప్పీలు వేయండి. ఆపరేటర్ల సంఘం తరఫున ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. రేటుపై పరిమితి, ఆపరేటర్ల అగ్రిమెంట్ల కొనసాగింపు, నష్టమొచ్చే పల్లెల్లో కూడా సర్వీసు ఆపకూడదన్న షరతు, ఈ మూడూ టెండరు పత్రంలోనే ఉండాలని అడగండి. టెండరు నోటిఫికేషన్ వస్తే, ఖరారు కాకముందే లాయర్‌ను కలవండి. పని అప్పగించి, డబ్బు చేతులు మారాక వెళితే ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడుగుతుంది. అప్పుడు స్టే రావడం చాలా కష్టం.